తుమ్మచెక్క నీళ్లు

"సాంబారు గిన్నెలో తుమ్మచెక్క ఉడకబెట్టినావా? నీకేమన్నా పిచ్చా?" అని మొగుడు శివశంకర్ పొద్దున్నే ఇల్లు పీకి పందిరేశాడు. వనజాక్షి చెప్పులేసుకుంది. వాదిస్తే ఇందుకూరుపేట నుంచి నెల్లూరెళ్లే బస్సు పోతుంది. ఆ గిన్నె తోమేది తను, అందులో సాంబారు పెట్టేది తను. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసుకునే ఆ మహానుభావుడికి దాని మూత ఎక్కడుంటుందో కూడా తెలీదు. అయినా గిన్నె మాత్రం ఆయనది.

నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబులో ఆమె అసిస్టెంటు. ఆర్నెల్లుగా తాటినార కలిపి ప్లాస్టిక్ బద్దలు పోస్తున్నారు. నారకేమో నీళ్లంటే ప్రాణం, ప్లాస్టిక్‌కేమో నీళ్లంటే గిట్టదు. ఎడమొహం పెడమొహం కాపురం. బలం కొలిచే మిషన్‌కి బిగించి లాగితే చాలు, నార ఊడి బయటికొచ్చేది. ఆ గోడు ఇంట్లో వెళ్లబోసుకుంటే చెవిన వేసుకున్నది అత్త ముసలమ్మ ఒక్కతే. "మా కాలంలో నూలు వలలు తుమ్మచెక్క నీళ్లలో ఉడకేసేవాళ్లం గదమ్మే. ఉప్పునీళ్లలో ఎన్నాళ్లున్నా కుళ్లేవి కావు. ఆ తుమ్మ బెరడు దంచీ దంచీ చేతులు నల్లబడి పోయినాయి. దంచింది మేము, వలేమో మగోళ్లది," అంది.

ఆ నీళ్లలో నార ఉడికించి, ఆరబెట్టి పోసిన బద్దని వారం తర్వాత మిషన్‌కి బిగించింది వనజాక్షి. అంకె పాత లెక్క దాటింది. ఇంకా పోతోంది! ఆమె మిషన్ మీదికి వంగింది. చివరికి టప్పున తెగింది గానీ, నార ఊడలేదు, ప్లాస్టిక్‌తో కలిసే తెగింది. ఇంకో మూడు బద్దలు, అన్నీ అంతే! సంతోషం పట్టలేక చిన్నపిల్లలా గెంతింది.

పెద్ద సారు వినోద్ కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టి, ఆమె రాసిన రిపోర్టు తీసుకుని, ఒక లైను అడ్డంగా గీసేశాడు.

"ఎవరో ముసలమ్మ చెప్పిందని రాస్తే పరువేం కావాలమ్మా? 'స్థానిక పద్ధతి' అందాం. పరిశోధకుల పేర్లు నేను చూసుకుంటాను, నువ్వు టీ సంగతి చూడు."

"ఎవరో ముసలమ్మ కాదు సార్. ఆమె పేరే ముసలమ్మ. మా అత్త."

ఆమె రిపోర్టు ఆయన చేతిలోంచి తీసుకుంది. చెక్క ఎంత, నీళ్లెన్ని, ఎంతసేపు ఉడకాలి అన్న చోట రిపోర్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కొలతలు తెలిసింది ఇద్దరు ఆడవాళ్లకే, అవి లేనిదే రిపోర్టు చెల్లదు. వనజాక్షి కుర్చీ లాక్కుని కూర్చుంది. పేర్ల దగ్గర ముందు తన పేరు రాసింది, పక్కన ముసలమ్మ పేరు రాసింది, కామా పెట్టి తలెత్తింది.

"మీ పేరు పూర్తిగా ఎలా రాయమంటారు సార్?"