లాగు, వదులు, చాలు

అమ్మ పదకొండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తోంది. ఈ చివర అమ్మ, ఆ చివర వదిన. వదిన అన్నది అమ్మ పిలుపే, చుట్టం కాదు. మాలాగే ఈ దేశానికి వలస వచ్చిన మనిషి, కానీ ఆమెది వేరే దేశం, వేరే భాష. ఒకే నమాజు, ఒకే దుప్పటి ఇద్దరినీ కలిపాయి. వాళ్లు ఏం మాట్లాడుకునేవారో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఆ వదిన బుధవారం పోయింది. మసీదు వెనక గదిలో బల్ల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. స్నానం చేయించి కఫన్ గుడ్డలు కట్టాలి. నేను నీళ్లు అందిస్తుంటే అమ్మ దుప్పటి కిందనుంచే పోస్తోంది.

"కాస్త ఇటు తిరగాలి వదినా. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయిలే. ఉన్నన్నాళ్లూ ఈకలా ఉన్నావు, ఇవాళ ఇంత బరువెక్కావేంటి?"

ఆ గది బాధ్యత చూసే పెద్దావిడ ఆఖరి చెంబు దాకా ఓర్చుకుంది. తర్వాత మసీదులో అందరికీ తెలిసిన భాషలో నాతో అంది.

"మీ అమ్మని మాట్లాడొద్దను. లేదంటే పక్కకి రమ్మను. కఫన్ మేం కడతాం. అదేం భాషో. అసలు మీకు నమాజు నేర్పిందెవరు?"

ఈ మసీదు మెట్లెక్కగానే నా తెలుగు చెప్పులతో పాటు బయటే ఉండిపోయేది. ఎవరూ విడవమనలేదు. నేనే విడిచాను. అమ్మ మాత్రం లోపలికి తెచ్చుకునేది, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఉండాలని నేను ఆమెకి నాలుగడుగుల దూరంలో కూర్చునేదాన్ని.

"ఏమంటోందే?" అంది అమ్మ.

చెప్పాను.

"చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వేస్తామా? ప్రాణం పోతే మర్యాద కూడా పోతుందా? నమాజు మా అమ్మ నేర్పింది. తెలుగులో తిట్టి మరీ నేర్పింది. చెప్పావిడకి."

తగ్గించి చెప్పొచ్చు. ఇన్నేళ్లూ చేసిందదే. ఈసారి తిట్లతో సహా చెప్పాను. చెప్పాక చూసుకుంటే వీపు నిటారుగా ఉంది.

పెద్దావిడ పెదవి బిగించింది. "కూతుర్నే అడుగుదాం. తల్లి ఆమెది."

వదిన కూతురు గోడవార నిలబడి ఉంది. అమ్మ చేతులనే చూస్తోంది. అమ్మ తెల్లగుడ్డ ఒక చివర పట్టుకుని, అలవాటుకొద్దీ "లాగు" అంది. ఆ చివర పట్టుకునే మనిషి బల్ల మీద ఉంది. అమ్మ చేతులు ఆగిపోయాయి.

ఆ పిల్ల వచ్చి రెండో చివర అందుకుంది. లాగింది.

"వదులు" అంది అమ్మ. వదిలింది. గుడ్డ గాలి నింపుకుని సాఫుగా దిగింది.

"చాలు." ఆ మాట అన్నది ఆ పిల్ల.

అమ్మ తలెత్తి చూసింది.

"ఇంట్లో దుప్పట్లు మడిచేటప్పుడల్లా అమ్మ ఇవే అనేది" అంది మసీదు భాషలో. "మా భాషే అనుకున్నాను, ఇంతకాలం." పెద్దావిడ వైపు తిరిగింది. "ఆవిడే కట్టాలి. మాట్లాడుతూనే కట్టాలి."

నేను తెలుగులో చెబితే అమ్మ ముక్కు ఎగబీల్చింది. "నాకు చెప్పకుండా ఇంటికి పట్టుకుపోయావా వదినా, దొంగా."

రెండో గుడ్డ పరవాలి. నేనొక చివర పట్టుకున్నాను. పెద్దావిడ రెండో చివర అందుకుని నా నోటి వంక చూసింది.

ఆవిడ పెద్దది కాబట్టి "లాగండి" అన్నాను.