అసలైన టూల్‌బాక్సు

పాత మిలిటరీ మోటార్ సైకిళ్లకు ప్రాణం పోసే మెకానిక్, ఒకాయన బాగుచేయమని ఇచ్చిన బండికి అసలైన టూల్‌బాక్సు కోసం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర దొరికింది. ముట్టుకుని చూసి, యుద్ధకాలం నాటిదేనని తేల్చేశాడు.

షెడ్డులో అతని కూతురు కిరోసిన్ గుడ్డతో పెట్టె తుడుస్తూ ఠక్కున ఆగింది. "నాన్నా, మూత లోపల 'చిట్టి' అని గీసుందే!"

ఆమెను అలా పిలిచేది అతనొక్కడే. పరుగున వచ్చి చూశాడు. ఆ వంకర అక్షరాలు తనవే! ఆమె పుట్టిన వారంలో, ఎవరో అడిగితే రేకు వంచి తానే చేసిచ్చిన నకలు అది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మిలిటరీదని కళ్లకద్దుకున్నావు కదా!" కూతురికి నవ్వాగలేదు.

"నవ్వకే! బండాయనకి ఏం చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

ఫోన్ చేసి చెప్పాడు. అవతల ఆయన పగలబడి నవ్వి, "నిన్నే బోల్తా కొట్టించిందంటే మామూలు పెట్టె కాదు, అదే బిగించు," అన్నాడు.

ఫోన్ పెట్టేసి అతను స్పానర్ అందుకున్నాడు.