ఒక్క మోటారు మీద గుంట

పెంచలకృష్ణ సెలైన్ స్టాండు ఎత్తినప్పుడు డాక్టర్ ప్రత్యూష పక్కకు తప్పుకోలేదు. కుడిచెయ్యి ముందుకు చాపింది. తల కాపాడుకోవడానికి అడ్డం పెట్టిన చెయ్యి కాదది. గాజులు తొడిగించుకోవడానికి ఇచ్చినట్టు నిదానంగా ఇచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఐసీయూలో అందరికీ వినిపించింది.

నేను రొయ్యల వ్యాపారిని. చిట్టమూరు వైపు గుంటల దగ్గర సరుకు కొంటాను. ఎదుటివాడు ధర కోసం బెట్టు చేస్తున్నాడో, అంగడి మూసేయాలని చూస్తున్నాడో ముఖం చూసి చెప్పలేకపోతే నాకు తిండి దొరకదు. ఆమె ముఖంలోకి నొప్పి కంటే ముందు ఊరట వచ్చింది.

మా తమ్ముడు మతీన్‌ను గుంట గట్టు మీద కట్లపాము కరిచింది. విషం దిగేదాకా ఊపిరి పీల్చే కండలు పనిచేయవని, అందాకా వెంటిలేటరే ఊపిరని, తర్వాత లేచి నడుస్తాడని ప్రత్యూష చెప్పింది. నెల్లూరులో మేం చేర్చిన ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూకి మిగిలిన డాక్టరు ఆమె ఒక్కతే. రెండో ఆయన మానేసి పోయాడు. ఈమెకు సెలవివ్వడం లేదని, కుర్చీలోనే కునుకు తీస్తోందని నర్సు రెబెక్కమ్మ బాధపడితే, ఆమె అక్కణ్ణుంచి కదలకుండా ఉంటే మాకే లాభమనుకున్నాను. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లను ఒక్క మోటారుతో తిప్పేవాడి గుంట జోలికి నేను పోను. మోటారు కాలితే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి. గుంట దగ్గర తెలిసిన ఆ లెక్క మంచం దగ్గర గుర్తు రాలేదు.

పక్క మంచం మీద చిల్లకూరు రైతు హజరత్తయ్య. గడ్డిమందు తాగాడు. బతకడని ప్రత్యూష మొదటే చెప్పింది. మేనేజరు నరేంద్రబాబు మాత్రం ఆయన కొడుకు పెంచలకృష్ణకు రోజూ ఆశ పెడుతూ వచ్చాడు. ఆ మధ్యాహ్నం ముసలాయన పోయాడు. ప్రత్యూష బయటికొచ్చి, చనిపోయారు, సంతకం పెట్టండి అని చెప్పి వెనక్కి తిరిగింది.

"మా నాయన పోతే కరెంటు పోయినట్టు చెప్తా ఉండావే," అన్నాడు పెంచలకృష్ణ.

అతని మనుషులు అద్దాల తలుపు పగలగొట్టుకుని లోపలికొచ్చారు. మానిటర్లు నేలకేసి కొట్టారు. అడ్డం వెళ్లిన రెబెక్కమ్మను జుట్టు పట్టి గోడకు గుద్దారు. నుదురు చీలి ఆమె మంచాల మధ్య పడిపోయింది. ఆ తర్వాతే స్టాండు ప్రత్యూష చేతిమీద పడింది. రెండోసారి ఊపినప్పుడు అది మతీన్ వెంటిలేటర్‌కు తగిలింది. తెర నల్లబడింది. తమ్ముడి రొమ్ము లేవడం ఆగిపోయింది.

ప్రత్యూష గోడవెంట జారి కూర్చుంది. "ఇప్పుడు సెలవిస్తారు," అంది తనలో తను.

ఆమె ఎడమ రెక్క పట్టి మంచం దగ్గరికి ఈడ్చాను. గాజుపెంకులు ఆమె కాళ్లను కోశాయి. "సెలవు తర్వాత తీసుకో తల్లీ. ముందు వీడికి ఊపిరి పొయ్యి."

ఆమె ఒంటిచేత్తో రబ్బరు సంచిని మతీన్ నోటిలోని గొట్టానికి తగిలించింది. పిండమంది, వదలమంది. పిండాను. నా చేతులు తిమ్మిరెక్కేసరికి పెంచలకృష్ణ మనుషులు పారిపోయారు. వాడొక్కడే స్టాండు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా పట్టి లాగి సంచి చేతిలో పెట్టాను.

"మీ నాయన పోయినాడు. నా తమ్ముడు ఇంకా ఉండాడు. కొట్టిన చేతుల్తోనే పిండు."

పిండాడు. కాసేపటికి, "మా నాయనకూ ఇట్టా చేసినారా?" అన్నాడు.

"రొమ్ము నొక్కాను. చేతులు పడిపోయేదాకా," అంది ప్రత్యూష.

 పై అంతస్తు నర్సులు వచ్చి రెబెక్కమ్మను లేపి, ఇంకో మిషను తెచ్చి తగిలించేదాకా వాడు పిండుతూనే ఉన్నాడు. తర్వాత వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు వచ్చాడు నరేంద్రబాబు. పగిలిన మానిటర్లను చూసి, ఆమె చేతిని చూశాడు. "ఎడమచెయ్యి బాగానే ఉంది కదమ్మా. కట్టు కట్టించుకొని కుర్చీలో కూర్చో. నువ్వు చెప్తా ఉంటే నర్సులు చేస్తారు."

ప్రత్యూష స్టాండును కాలితో నా వైపు నెట్టి, ఎడమచెయ్యి మంచం పట్టె మీద ఆనించింది. "హనీఫా గారూ, ఇది కూడా కొట్టండి."

ఆమె పోతే మతీన్‌కు డాక్టరు లేడు. ఉన్నా లేనట్టే. కాలిన మోటారును ఎన్ని తన్నులు తన్నినా తిరగదు. కొత్తది తేవలసినవాడు ఎదురుగా ఉన్నాడు. స్టాండు తీసి నరేంద్రబాబు మోకాలి మీద కొట్టాను. కూలబడ్డాడు. ఇంకో దెబ్బకు స్టాండెత్తి, వేరే డాక్టరు వచ్చేదాకా గది దాటనివ్వనని చెప్పాను. జిల్లాలో ఎవరూ దొరకడం లేదని ఇన్నాళ్లూ చెప్పిన మనిషి నేలమీద నుంచే ఫోన్ చేశాడు. వెంకటాచలం నుంచి డాక్టరు సాయంత్రం నమాజుకు ముందే దిగాడు. ఆయన వెనకే పోలీసులు మెట్లెక్కారు.

కట్టు గదిలో ఎముక సరిచేస్తున్నా ప్రత్యూష కళ్లు తెరవలేదట. అంత నిద్రపోయింది.

నన్నూ జీపెక్కించారు. లోపల పెంచలకృష్ణ ముందే ఉన్నాడు. జరిగి చోటిచ్చాడు.

"నీ తమ్ముడు?"

"ఊపిరాడతా ఉంది."

"ఎవురు పిండతా ఉండారు?"

"మిషను," అన్నాను.

వాడు తన అరచేతుల వంక చూసుకున్నాడు. జీపు కదిలింది.