పదకొండో ఆరోపణ

నలభై ఒకటో ఏడు నడుస్తున్నా ఆ ఇంట్లో ఆమె పాపే. కళ్ళద్దాల దుకాణంలో పద్దెనిమిదేళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది. తన చేతికింద ఇద్దరికి పని నేర్పింది. ఒకసారి పెళ్ళి చేసుకుంది, ఒకసారి విడాకులు తీసుకుంది. ఇన్ని చేసినా, పాప పెరిగిందన్న కబురు మాత్రం వాళ్ళమ్మకు ఇంకా అందలేదు.

ఇప్పుడు పాప రెండో పెళ్ళి చేసుకోబోతోంది. పెళ్ళికొడుకు వేరే దేశంవాడు. వంతెనలకు ఎక్కడైనా పగుళ్ళు వచ్చాయేమో చూసి చెప్పడం అతని ఉద్యోగం. ఈ ఊరి వంతెన చూడ్డానికి వచ్చి కళ్ళజోడు విరగ్గొట్టుకున్నాడు. బాగుచేయించుకున్న ఆ జోడునే మరో మూడుసార్లు "వదులైంది" అంటూ పట్టుకొచ్చాడు. మూడోసారి పాప స్క్రూ బిగిస్తూ, "ఇది దానంతటది వదులవడం లేదు, మీరే వదులు చేస్తున్నారు," అంది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. దొంగతనం ఒప్పుకోవడంలో అంత తొందర చూపించిన మనిషిని పాప అంతకుముందు చూడలేదు. వాళ్ళమ్మ అతనికి వంతెనలబ్బాయి అని పేరు పెట్టింది. ఆ అబ్బాయికి నలభై ఆరు.

పెళ్ళి అతని దేశంలోనే, వాళ్ళ ఊరి రిజిస్ట్రారు ఆఫీసులో. తేదీ ఇచ్చేశారు. ఆ పై వారమే వంతెనలబ్బాయి రెండేళ్ళ పనిమీద ఎక్కడో దీవికి వెళ్ళిపోతాడు. అక్కడికి వెంట భార్యను రానిస్తారు గానీ కాబోయే భార్యను రానివ్వరు. పాప కాగితాలు పెళ్ళికి మూడు వారాల ముందే ఆ ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ తేదీ ఇంకెవరికో పోతుంది, పాపకు రెండేళ్ళు పోతాయి.

ఏ కాగితాలు కావాలో ఆఫీసువాళ్ళు జాబితా పంపారు. పుట్టిన సర్టిఫికెట్, అడ్రసు రుజువు, ప్రస్తుతం ఎవరి భార్యా కాదన్న ప్రమాణపత్రం, విడాకుల తీర్పు. ప్రతి పేజీ, పేజీ వెనకవైపు, ఆ వెనకవైపున్న ముద్రలతో సహా, వాళ్ళ భాషలోకి అనువాదం చేయించి, వాళ్ళ కాన్సులేటులో ముద్ర వేయించాలి. పుట్టిన సర్టిఫికెట్‌ను వాళ్ళమ్మ ఏనాడో ప్రేమకొద్దీ లామినేషన్ చేయించింది. ప్లాస్టిక్ మీద ముద్ర పడదన్నారు కాబట్టి పాప మళ్ళీ పుట్టినంత పనై కొత్తది తీయించారు. అంతవరకూ బాగానే ఉంది. జాబితా అడుగున ఇంకొక ముక్క ఉంది. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకరి కాగితాలు ఒకరు ఆసాంతం చదివి, చదివామని సంతకం పెట్టాలట.

ఆ ముక్క విన్న దగ్గర్నుంచీ వాళ్ళమ్మకు ముద్ద దిగలేదు.

విడాకుల తీర్పు తొమ్మిది పేజీలు. మూడో పేజీలో, మొదటి భర్త పాపమీద చేసిన ఆరోపణలు వరస నంబర్లతో ఉన్నాయి. మొత్తం పదకొండు. అతిథుల ముందు భర్త చెప్పిన లెక్క తప్పని దిద్దడం మూడోది. అలిగి మూడు రోజులు మాట్లాడకపోవడం ఐదోది. నాలుగో రోజున మాట్లాడటం ఆరోది. పది వరకూ ఇలాంటివే, ఏ కాపురం దులిపినా రాలేవే. పదకొండోది మాత్రం వేరు. పిల్లలు పుట్టకపోవడానికి లోపం ఈమెలోనే ఉందనీ, అది ముందే తెలిసి తల్లి దాచిపెట్టి పెళ్ళి చేసిందనీ.

ఆ పేజీ దాటి ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు. "విడాకులు వచ్చేశాయి," అని లాయరు ఫోన్ చేస్తే పాప వెళ్ళి కాగితం తెచ్చుకుంది. బస్సులో మూడో పేజీ దాకా చదివింది, మడిచింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అది బీరువాలో దుప్పట్ల కింద ఉంది. దుప్పట్లు మార్చినప్పుడల్లా వాళ్ళమ్మ దాన్ని చెయ్యి తగలకుండా చీపురుపుల్లతో పక్కకు జరిపేది.

"ఆ పేజీ ఒక్కటీ పంపకపోతే ఏమవుతుందే?" అంది వాళ్ళమ్మ.

"పేజీలకు నంబర్లున్నాయమ్మా. రెండు తర్వాత నాలుగొస్తే వాళ్ళకు తెలియదా?"

"అతనికి నువ్వేం చెప్పావు?"

"పెళ్ళయింది, కుదరలేదు, పిల్లల్లేరు అని."

"ఎందుకు లేరని అడగలేదా?"

"లేదు."

"ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు. అడగనివాడికి కాగితం మీద రాసి, ముద్ర కొట్టి మరీ చెప్పడం దేనికి?"

"సంతకం పెట్టాలి కాబట్టి," అంది పాప. పాప పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని తెలిసిన తల్లి ఇంకేమీ అనలేదు. పైగా సోమవారం పొద్దున్నే, "నీకు దుకాణం ఉంది కదా, కాగితాలు మాస్టారికి నేనిచ్చొస్తాలే," అని తనే చెప్పులేసుకుంది. మోకాళ్ళ నొప్పులని వీధి చివరికి కూడా వెళ్ళని మనిషి రెండు బస్సులు మారి వెళ్తానంటే పాపకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఆ రోజు దుకాణంలో ఒకాయన ఎడమకన్ను అద్దం కుడివైపు పెట్టారని పోట్లాటకొచ్చాడు. పాప బుర్రంతా అక్కడే ఉంది.

మాస్టారంటే ఆ దేశపు భాషను నలభై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరైనాయన. ఆ దేశపు కాన్సులేటువాళ్ళు ఒప్పుకునే అనువాదకుడి ముద్ర ఆ ఊళ్ళో ఆయన దగ్గరే ఉంది. బుధవారానికల్లా పని పూర్తిచేసి, పాప దుకాణానికి కవరు పంపించేశాడు.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ పాప అసలునూ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి, అద్దాలు పరీక్షించే దీపం వెలిగించింది. ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాదే అయింది. కూడబలుక్కుంటేగానీ వాక్యం తెగదు. కానీ అద్దంలో వెంట్రుకంత గీత ఉన్నా పట్టే కళ్ళకు నంబర్లు చూడ్డానికి భాషెందుకు? మూడో పేజీ అసల్లో పదకొండు. అనువాదంలో పది. మళ్ళీ లెక్కపెట్టింది. పదే. పిల్లలు అనే మాట ఆ భాషలో ఆమెకు బాగా తెలుసు. పేజీ అంతా వెతికినా అది కనిపించలేదు. ఎనిమిదో పేజీ అసల్లో అడుగువరకూ ఉంటే, అనువాదంలో సగంలోనే ఆగిపోయింది.

పాప సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

"చెప్పులేసుకో. మాస్టారింటికి వెళ్తున్నాం."

"నేనేం చేశాను?" అంది వాళ్ళమ్మ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. పాప మారుమాట్లాడకుండా గొడుగు తీసి ఆమె చేతికిచ్చింది.

మాస్టారి ముందుగదిలో మనుషులకంటే నిఘంటువులకే ఎక్కువ చోటు. ప్రింటరుకు దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పి ఉంది. తల్లీ కూతుళ్ళను కలిపి చూడగానే మాస్టారు తేలు కుట్టిన దొంగలా కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆయన భార్య మాత్రం, వినాల్సింది ఏదో ఉందని పసిగట్టి, టీ గ్లాసులు బల్లమీద పెట్టి తనూ కుర్చీ లాక్కుంది.

"మాస్టారూ, ఆఖరి పేజీలో మీ సంతకం పైన ఏముందో ఒకసారి చదివి చెప్తారా?" అంది పాప.

"అది మామూలుగా ఉండేదే తల్లీ. మూలంలో ఉన్నదంతా, ఏదీ కలపకుండా, ఏదీ..."

"ఆగారే? చదవండి," అంది భార్య.

"...వదలకుండా," అన్నాడు మాస్టారు, ఆ మాట వీలైనంత చిన్నగా.

"పదకొండు ఉండాల్సినచోట పది ఉన్నాయి."

"నలభై ఏళ్ళలో ఎవడికీ ఒక్క మార్కు ఊరికే వేసినవాణ్ణి కాదు తల్లీ నేను."

"అందుకే రిటైరయ్యే రోజున వీడ్కోలు చెప్పడానికి ఒక్కడూ రాలేదు," అంది భార్య. "ఏం నానుస్తారు, చెప్పేయండి. సోమవారం వదినగారు వచ్చి ఇదే కుర్చీలో కూర్చుని ఏడ్చారు. ఈయన కరిగిపోయారు. ఈ కరుగుడు నా విషయంలో ఎప్పుడూ చూడలేదనుకోండి."

వాళ్ళమ్మ గొడుగు పిడి పట్టుకుని కిందికి చూస్తోంది. "వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నారు," అంది.

"నేను వెయ్యి ఆడలేదు తల్లీ," అన్నాడు మాస్టారు గభాల్న. "ఒక్కటి కూడా ఆడలేదు. ఒకదాన్ని తీసేశాను. తీసేసిందీ అబద్ధమేనని మీ అమ్మగారే చెప్పారు!"

"అబద్ధమే కదే!" వాళ్ళమ్మ తలెత్తింది. "నువ్వు పరీక్ష చేయించుకోలేదూ? డాక్టరు ఏమీ లేదని రాసివ్వలేదూ? ఆ కాగితం ఆ లాయరు ఎక్కడ పడేశాడో ఏమో. ఒక భాషలో ఆడిన అబద్ధం చాలదా? దాన్ని ఇంకో భాషలోకి కూడా మనమే మోసుకెళ్ళాలా?"

అమ్మ మాటలో న్యాయం ఉంది, అదే చిక్కు. పాప టీ చల్లారిపోయేదాకా గ్లాసు అంచు తుడుస్తూ కూర్చుంది.

"అమ్మా, ఎల్లుండి కాన్సులేటు కౌంటరులో ఆవిడ అసలు పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ సరిచూస్తుంది. ఒకటి తగ్గితే మొత్తం తిప్పికొడుతుంది. ఆ కౌంటరు శుక్రవారం శుక్రవారమే తెరుస్తారు. వచ్చే శుక్రవారానికి నా తేదీ ఉండదు. అది ఒక సంగతి." గ్లాసు పక్కన పెట్టింది. "పోనీ, ఆవిడ చూడలేదనుకో. అతను పది చదివి సంతకం పెడతాడు. పదకొండోది నా దగ్గర ఉండిపోతుంది. దాన్ని ఆ దీవిలో ఏ దుప్పటి కింద దాచమంటావు?"

పాప తన కుర్చీని మాస్టారి బల్ల దగ్గరికి లాక్కుంది.

"మాస్టారూ, ఎంత చెడ్డగా ఉందో అంత చెడ్డగానూ రాయండి. ఒక్క మాట కూడా మెత్తబడకూడదు. నేను ఇక్కడే కూర్చుంటాను. మూలం పైకి చదువుతూ రాయండి."

మాస్టారు ప్రింటరు మీది తువ్వాలు తీశాడు. పదకొండోది పైకి చదువుతున్నంతసేపూ వాళ్ళమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పాప మాత్రం ఆయన పెదవుల వైపే చూసింది. తొమ్మిదేళ్ళ కిందట బస్సులో చదివినప్పుడు ఒళ్ళంతా మండింది. ఇప్పుడు పక్కన మాస్టారి భార్య, "ఛీ, ఏం మనిషండీ," అంటుంటే సగం మంట అక్కడే చల్లారింది.

"సరే, ఎనిమిదో పేజీ," అన్నాడు మాస్టారు. "పదకొండోది తీసేశాక ఈ పేరా దేన్ని గురించో తెలియకుండా పోతుందని ఇదీ తీసేశాను." గొంతు సవరించుకుని చదివాడు. "పదకొండో ఆరోపణ విషయంలో: భార్య వైద్య పరీక్ష నివేదిక దాఖలు చేసింది. అందులో ఏ లోపమూ కనబడలేదు. పరీక్ష చేయించుకోమని కోర్టు రెండుసార్లు కోరినా భర్త నిరాకరించాడు. కనుక ఈ ఆరోపణకు ఆధారం లేదు. భార్య తల్లి ఏదో దాచిందన్నది కూడా అసత్యమని ఈ కోర్టు నిర్ణయిస్తోంది."

వాళ్ళమ్మ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఎవరన్నారు ఆ మాట?"

"జడ్జిగారమ్మా."

"నేను దాచలేదనా? అలా రాసుందా?"

"అచ్చులో ఉంది. కింద సంతకం కూడా ఉంది."

"మళ్ళీ చదవండి."

మాస్టారు మళ్ళీ చదివాడు. మూడోసారి ఆమె అడగకుండానే చదివాడు. పాప ఆ కాగితం అందుకుని చూసింది. ఆ కాగితం వాళ్ళింట్లోనే, వాళ్ళ దుప్పట్ల కిందే, తొమ్మిదేళ్ళు ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాస్టారి భార్య ఆ రెండూ ఒకేసారి చేసేస్తోంది.

"తిట్టు మూడో పేజీలో ఉంటే జవాబు ఎనిమిదో పేజీలో రాస్తారా?" అంది వాళ్ళమ్మ కోపంగా. "కాస్త ముందు రాయకూడదూ!"

ఒక్క వాక్యం మారినా తొమ్మిది పేజీలూ మళ్ళీ తీసి, మళ్ళీ సంతకాలు చేసి, మళ్ళీ ముద్రలు వేయాలన్నది మాస్టారి నియమం. గురువారం పొద్దంతా ఆయన టైపు కొట్టాడు, భార్య కాగితాలందించింది, పాప నంబర్లు సరిచూసింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే పాప వంతెనలబ్బాయికి ఫోన్ చేసి, పదకొండోదాన్ని అతని భాషలోనే చదివి వినిపించింది. రెండుచోట్ల తడబడి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆఫీసులో గుమాస్తా ముందు కాకుండా తన నోట వినాలని. తర్వాత ఎనిమిదో పేజీ కూడా చదివింది.

"నా తీర్పు పద్నాలుగు పేజీలు," అన్నాడతను అంతా విని. "ఆరోపణలు పందొమ్మిది. అందులో రెండు నిజం. చదివాక కూడా వస్తావా?"

"ఏ రెండో ఇప్పుడే చెప్పు."

చెప్పాడు. గంటసేపు పట్టింది. పాప మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వింది, ఒకసారి "అది చాలా తప్పు," అంది. ఫోన్ పెట్టేసి, బట్టల పెట్టె కిందికి దింపి దుమ్ము తుడిచింది.

శుక్రవారం కౌంటరు దగ్గర వాళ్ళకంటే ముందు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళమ్మ వస్తానంది, ఈసారి కారణం చెప్పలేదు. కౌంటరావిడ ఎవరి ముఖమూ చూడకుండా అసలు ఒక పక్క, అనువాదం ఒక పక్క పెట్టుకుని, పెన్సిలు మొనతో నంబరు నంబరుకూ ఆగుతూ వచ్చింది. మూడో పేజీలో పెన్సిలు పదకొండుసార్లు ఆగింది. ఆవిడ ముద్ర అందుకుని ఒక్కో పేజీ కింద కొట్టుకుంటూ పోయింది.

"ఆ పేజీలో సరిగ్గా పడలేదమ్మా," అంది వాళ్ళమ్మ, అద్దం కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టి ఎనిమిదో పేజీ చూపిస్తూ. "కుడివైపు వెలిసిపోయినట్టుంది. ఇంకోసారి గట్టిగా వేయి."

"రెండు ముద్రలు పడితే కాగితం చెల్లదండీ," అంది ఆవిడ, మొదటిసారి తలెత్తి.

వాళ్ళమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు, వద్దు. బాగానే ఉంది. చాలా బాగుంది."

కవరు అతికించి పాప చేతికిచ్చారు. కొరియరు ఆఫీసు మూయడానికి ఇంకా రెండు గంటల టైముంది. పాప రోడ్డు దాటడానికి అమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆమె విదిలించుకుని, కవరు తను లాక్కుని ముందు నడిచింది.