గింజ మొక్క, కొమ్మ మొక్క

లిడియా అత్తగారు యేసమ్మకు ఉన్న జబ్బుకు నిజామాబాద్‌లో ఏ డాక్టరు దగ్గరా మందు లేదు. గేటు బయట నిలబడి ఎవరైనా "చెట్టు మంచిగుందవ్వా" అంటే చాలు, కత్తెర కోసం లోపలికి పరుగెడుతుంది. మోకాళ్ల నొప్పులు ఆ కాసేపు సెలవు తీసుకుంటాయి. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు కూడా చేతిలో గులాబీ కొమ్మతో వెళ్లాడు. మిద్దె మీద తోట పెంచేది తానైతే వారసులు ఊరంతా ఉన్నారని లిడియా వాపోతే, భర్త బెన్‌హర్ నవ్వేవాడు. "జర జాగ్రత్త. ఎవరన్న అడిగితే అమ్మ నిన్ను గూడ ఇచ్చేస్తది" అనేవాడు.

అందుకే ఆ మందారం కుండీని లిడియా నీళ్ల ట్యాంకు వెనక దాచింది.

అది ఆమె సొంతంగా పుట్టించిన మొక్క. లేతపసుపు మందారానికి ఎర్రమందారం పుప్పొడిని పాత కాటుక బ్రష్‌తో అద్ది, కాయ రాలిపోకుండా కాపలా కాసి, ఎండిన గింజలు నాటింది. మొలిచినవాటిలో చాలావరకు అందరిళ్లలో ఉండే పువ్వులే పూశాయి. ఒక్కటి మాత్రం పొద్దున వెన్నరంగులో విచ్చుకుని, మధ్యాహ్నానికి అంచుల దగ్గర ఎర్రబడి, సాయంత్రానికి నిప్పులు కక్కింది. ఈ వరస ఇంట్లో ఎక్కడో చూశానే అనుకుంది లిడియా. పేరు దానంతటదే వచ్చింది. యేసమ్మ.

"పువ్వుకు నా పేరా? సూసినోళ్లు నవ్వుతరు" అని అత్త కసిరింది. సాయంత్రానికల్లా వీధంతటికీ ఆ సంగతి తెలిసిపోయింది. చెప్పింది ఆమే.

లిడియా ఫోటో తీసి, 'ఇందూరు పూదోట' వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద పద్ధతిగా రాసింది: హైబిస్కస్ రోసా-సైనెన్సిస్ 'యేసమ్మ', మా అత్తమ్మ పేరు. కొత్త రకాన్ని పుట్టించినవాళ్లు జాతి పేరు తర్వాత తమకు నచ్చిన పేరు పెట్టుకోవడం మొక్కల లోకంలో ఉన్న ఆనవాయితీయే.

గ్రూపు అడ్మిన్ రామకోటేశ్వరరావు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద చెరకు, వరి వేసుకుని స్థిరపడిన కుటుంబం ఆయనది. గ్రూపులో ఎవరు గడ్డిపరక ఫోటో పెట్టినా దాని లాటిన్ పేరు చెప్పందే అన్నం తినడు. ఆయన లిడియా పోస్టు తీసేసి, ఇది బొటానికల్ పేర్ల గ్రూపనీ, అత్తల పేర్లూ ఆడపడుచుల పేర్లూ ఇంటి గుమ్మానికి రాసుకోవాలనీ సలహా ఇచ్చాడు. దాని కింద పకపకా నవ్వే పసుపు మొహాలు వరసగా వచ్చి పడ్డాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర యేసమ్మ అడిగింది. "నా పువ్వును గ్రూపుల ఏమన్నరు బిడ్డా?"

"మస్తుగుందన్నరు అత్తమ్మ" అంది లిడియా, పప్పుగిన్నెలోకి చూస్తూ.

ఆ అబద్ధం ముల్లులా ఆమెలోనే ఉండిపోయింది.

వానాకాలంలో ఒక రోజు లిడియా చర్చిలో స్త్రీల సమాజం మీటింగుకు వెళ్లి వచ్చేసరికి యేసమ్మ మహా సంతోషంగా ఉంది. బోధన్ నుంచి ఒక సారు, ఆయన భార్య వచ్చారట. చాలా మర్యాదస్తులట. తోటంతా చూసి, ట్యాంకు వెనక మొక్కనే అడిగారట. లిడియా ట్యాంకు వెనక్కి పరుగెత్తింది గానీ, కొమ్మలు అప్పటికే బోధన్ చేరిపోయాయి.

చలికాలానికి గ్రూపులో రామకోటేశ్వరరావు పోస్టు వచ్చింది. వెన్నరంగు పువ్వు, ఎర్రబడుతున్న అంచులు. హైబిస్కస్ రోసా-సైనెన్సిస్ 'సాహిత్య'. తన చేతుల మీదుగా పుట్టిన కొత్త సంకరమనీ, మనవరాలి పేరు పెట్టుకున్నాననీ రాశాడు. పొగడ్తలు కాలువకు గండిపడినట్టు పారాయి.

అందరూ పువ్వును చూశారు, తీసేసిన పాత పోస్టు ఎవరికీ గుర్తు రాలేదు. లిడియా మాత్రం ఫోటోను పెద్దది చేసి, మొదలు దాకా కిందికి జరిపింది. మట్టిలోంచి పెన్సిలంత మోడు, ఏటవాలుగా కోసిన కొనతో నిలబడి ఉంది. పువ్వు పూసిన చిగురు దాని పక్క నుంచి లేచింది. కొమ్మ నాటితేనే అలా వస్తుంది.

బెన్‌హర్ క్షమించేయమన్నాడు.

"క్షమిస్త. ముందుగాల పని కానీ" అంది లిడియా.

మొదటి అభినందన ఆమెదే. ఆ తర్వాత ఆయనకు ఆమెను మించిన శిష్యురాలు లేదు. తల్లి మొక్క ఏది సార్ అని ఒకనాడు, కాయ ఎన్నాళ్లకు పండింది సార్ అని మరొకనాడు అడిగింది. ఆయన ప్రతి ప్రశ్నకూ కొత్త కథ అల్లాడు. లిడియా ఒక్కో జవాబునూ ఊరగాయలా భద్రం చేసింది. గింజ వేసిన కుండీలోనే ఉందా సార్, మార్చారా అన్నదానికి, వేరు కదిలిస్తే జాతి పాడవుతుంది, ఆ కుండీలోనే ఉందమ్మా అని వచ్చింది. ఆ రోజు లిడియా ఇంట్లో పాయసం వండింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత, ఇంత విద్య ఒక్కరి దగ్గరే ఉండిపోకూడదని గ్రూపులో రాసింది. అందరం సార్ ఇంటికి వెళ్లి నేర్చుకుందామంది. రామకోటేశ్వరరావు వెంటనే శనివారం ఖాయం చేసి, టిఫిన్లు కూడా తనవేనన్నాడు.

చెరకు ట్రాక్టర్ల వెనక నత్తలా నడిచిన బస్సు దిగి, లిడియా ఒక చేత్తో అత్తనూ, ఇంకో చేత్తో చిన్న కుండీనీ పట్టుకుని ఆ ఇంటి మెట్లెక్కింది. కుండీలో ఉన్నది ఆ మందారం కాయలోంచే పుట్టిన ఒక పనికిరాని మొక్క. వరండాలో బ్యానరు, మైకు, వరస కుర్చీలు. మధ్యలో స్టూలు మీద 'సాహిత్య', మొదట్లో చెరకు పిప్పి ఒత్తుగా పరిచి ఉంది. నీళ్ల గ్లాసులు తెస్తున్న ఆయన భార్య రత్తమ్మ, యేసమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గీ సారే గదా మనింటికొచ్చింది?" అని యేసమ్మ గుసగుసలాడింది. లిడియా ఆమె చెయ్యి నొక్కి కూర్చోబెట్టింది.

రామకోటేశ్వరరావు పుప్పొడి గురించి గంటసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు, మనిషికి తెలుసు. అప్పుడు లిడియా లేచి తన కుండీని స్టూలు పక్కన పెట్టింది.

"సార్, మాలాంటి కొత్తోళ్లకు ఒక్కటి చెప్పుండ్రి. మొక్కను చూసి గింజదా, కొమ్మదా అని ఎట్ల గుర్తు పట్టాలె?"

"మంచి ప్రశ్నండీ. చాలా తేలిక" అన్నాడాయన. "గింజ మొక్కకి మట్టిలోంచి ఒకటే కాండం తిన్నగా వస్తుంది. ఇదిగో, ఈవిడ మొక్క చూడండి. కొమ్మ మొక్కకైతే మొదట్లో కోసిన మోడు ఉంటుంది. చిగురు దాని పక్కనుంచి లేస్తుంది. ఎంత ఎదిగినా ఆ గుర్తు అంత తొందరగా పోదండీ."

అందరూ తలలూపారు. కొందరు రాసుకున్నారు.

"మీ సాహిత్యది గూడ చూపిస్తే పక్కాగా అర్థమైతది సార్."

ఆయన చెయ్యి కుండీ మీదికి వెళ్లి గాలిలో ఆగింది. ముందు వరసలో ఉన్న సుష్మ, బళ్లో సైన్సు చెప్పే మనిషి, సాయం చేద్దామని చెరకు పిప్పి పక్కకు తోసింది. మోడు బయటపడింది.

వెనక కుర్చీల్లోవాళ్లు లేచి తొంగిచూశారు. ఇది వేరే కుండీ అయ్యుంటుందని రామకోటేశ్వరరావు గొణిగాడు. కుండీ మార్చలేదని మీరే రాశారు కదా సార్ అని లిడియా ఫోను ఎంతో వినయంగా చూపించింది. ఇన్నాళ్లూ ఈ ఘడియ బెల్లంలా ఉంటుందని అనుకుంది. అలాగే ఉంది.

డిగ్రీ చదువుతున్న సాహిత్య తాత ఉపన్యాసాన్ని వీడియో తీస్తోంది. ఫోను దించింది.

"తాతయ్యా, మరి ఈ మొక్క ఎక్కడిది?"

ఈ పిల్ల సంగతి లిడియా లెక్కలో లేదు. లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. అయినా ఆయన్ను ఒడ్డున పడేసే మాట ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. రానివ్వలేదు కూడా.

"చెప్పండి. పిల్ల అడుగుతోంది" అంది గుమ్మంలోంచి రత్తమ్మ.

ఆయన కళ్లజోడు తీశాడు. మనవరాలి వైపు చూడలేక చూపు తిప్పుకుంటే, ఎదురుగా యేసమ్మ కనిపించింది. మైకు ఆపాలన్న ధ్యాస లేదు, ఆ మాట వీధి చివరి దాకా వెళ్లింది.

"తప్పు నాదేనమ్మా. ఇది నేను పుట్టించింది కాదు. మీ ఇంటికొచ్చి మిమ్మల్ని అడిగి తెచ్చుకున్న కొమ్మ. మీ కోడలు పెట్టిన పేరు చూసి పదిమందిలో ఎగతాళి చేసి తీసేసిందీ నేనే. దీని పేరు యేసమ్మ."