జామ్ పూసిన రొట్టె

"ఎక్కు," అన్నారు మా ఆయన, బరువు మిషన్ని కాలితో నా ముందుకు తోస్తూ. ఆదివారం పొద్దున్నే హాల్లో ఇదో తంతు. అత్తయ్య సోఫాలోంచి మెడ చాచి మరీ చూస్తుంది. పక్కింటావిడ గుమ్మంలో ఉన్నా సరే, నా కిలోలు పైకి చదవాల్సిందే. తగ్గితే ఫోటో తీసి ఆయన ఫోన్ గ్రూపులో పెడతారు. అన్నం, రొట్టె, తీపి మానేసి ఆఫీసులో అందరికన్నా ముందు పొట్ట తగ్గించిన మనిషి కదా, ఇప్పుడు ఓ గుంపుకి గురువు. నాచేతా అవన్నీ మాన్పించారు, నేను ఆ గురువుగారి ఇంట్లో నమూనాని.

ఆయన మానేసింది తినడం. వండటం నేనెక్కడ మానేశాను? ఆయనకి గుడ్లు, మాంసం, ఆకుకూర. పిల్లలకి అన్నం. అత్తయ్యకి అదే అన్నం, ఇంకాస్త మెత్తగా. ఆ ఆవిరికే నా ప్రాణం లాగేది. "కాస్త నోరు కట్టుకో అమ్మాయ్, వాడు చూడు ఎంత నాజూగ్గా అయ్యాడో," అనేది అత్తయ్య, నేను వడ్డించిన రెండో గరిటె అన్నం కలుపుకుంటూ. ఒళ్ళు మండేది నాకు.

నాకు షుగరుంది. అన్నం మానేశాక కూడా అవే మాత్రలు, అదే మోతాదు. చేతులు వణుకుతున్నాయి, ఓసారి డాక్టర్ని అడుగుదామంటే, "కొవ్వు కరిగేటప్పుడు నీరసం ఉండదూ? నేను చెప్తున్నాగా," అన్నారు. ఆయన చెప్తున్నారుగా! డాక్టరు గడప తొక్కలేదు.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. ఆ బుధవారం, వ్యాను నిండా పిల్లలుండగా, మలుపు దగ్గర ఒళ్ళంతా చెమటలు పట్టింది. ఎదురుగా లైటు ఎర్రగా ఉందో పచ్చగా ఉందో తేలడం లేదు. గుండె దడదడ. చేతులు నా మాట వినడం లేదు. బండి పక్కకి ఎలా ఆపానో ఆ దేవుడికే తెలియాలి. వెనక్కి తిరిగి, "తీపి... ఎవరి దగ్గరైనా తీపి ఉందా?" అన్నాను. మాట ముద్దగా వచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. ఎప్పుడూ వాగుతూనే ఉండే రెండు జడల పిల్ల మాత్రం నవ్వలేదు. డబ్బా మూత తీసి జామ్ పూసిన రొట్టె నా చేతిలో పెట్టింది. గబగబా మింగాను. కాసేపటికి కళ్ళు తేటపడ్డాయి. స్కూలుకి ఫోన్ చేస్తే ఇంకో డ్రైవరు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళాడు. వాళ్ళు చేతులూపుతుంటే రోడ్డు పక్కన నిలబడి బావురుమన్నాను.

సాయంత్రానికల్లా ఆ పిల్ల తల్లి ఫిర్యాదు చేసింది, డ్రైవరు పిల్లల తిండి లాక్కుని తింటోందని. మర్నాడు వచ్చి కలవమంది ప్రిన్సిపాల్ మేడం.

"ఛీ, పసిపిల్ల నోటి దగ్గరది కూడా వదల్లేదా?" అంది అత్తయ్య.

ఆయన అరవలేదు. గది తలుపు వేసి మెల్లగా మాట్లాడారు. దానికే నాకు భయమేసింది. "ఆకలికి ఆగలేకపోయానని చెప్పి క్షమాపణ అడుగు. షుగరు, డైటు ఊసెత్తకు. ఎత్తావా, నీ ఉద్యోగం ఊడుతుంది, గ్రూపులో నా పరువు పోతుంది."

"గ్రూపులో ఇంకెవరైనా షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళున్నారా?"

"ఉంటారు ఒకరిద్దరు. నీకెందుకు?" అన్నారు నా మొహం చూడకుండా.

మేడం బల్లకి ఇవతల నిలబడితే నోటిదాకా వచ్చింది, ఆకలేసింది మేడం అని. తిండిపోతునని ఒప్పుకుంటే చాలు, ఉద్యోగం దక్కుతుంది. ఆ డ్రైవరు సీట్లో కూర్చున్నంతసేపే కదా నేను ఎవరి చేతా మాట పడనిది! కానీ రేపు మలుపులో మళ్ళీ కళ్ళు బైర్లు కమ్మితే? ఈసారి బండి ఆగకపోతే?

వ్యాను తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను. "డాక్టరు సరేననేదాకా నాకు బండి ఇవ్వకండి మేడం," అన్నాను. ఆవిడ తాళాల వంకే చూస్తూ, "ముందు ఒళ్ళు చూసుకో," అంది. ఉద్యోగం ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు.

బయటి మెట్ల మీద కూర్చుని ఆయన గ్రూపులో రాశాను. ఫోటోల కోసం నన్నూ చేర్చారుగా. "షుగరు మాత్రలు వేసుకుంటూ అన్నం మానేసినవాళ్ళు ఇవాళే డాక్టర్ని కలవండి. నిన్న నేను పిల్లలతో సహా పోయేదాన్ని."

నిమిషం కాలేదు, ఫోను. "తీసెయ్! ముందది తీసెయ్!" అరుస్తున్నారు ఆయన. ఒంట్లో ఎలా ఉందని మాత్రం లేదు. అంతలో ఎవరిదో తెలియని నంబరు. ఆయన్ని వదిలేసి అది ఎత్తాను.

"మా ఆయన ఫోన్లో మీరు రాసింది చూశానండీ," ఎవరో ఆడమనిషి. "ఆయనా షుగరు మాత్రలు వేసుకుంటారు, పొద్దుట్నించీ చెమటలు. మొదట్లో ఇలాగే ఉంటుందన్నారట మీవారు. ఏం చెయ్యను?"

"మింగగలుగుతున్నారా?"

"ఆఁ."

"పంచదార నీళ్ళు పట్టండి, ఇప్పుడే. ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా నేను లైన్లోనే ఉంటాను."