దించగానే నిద్రపోయే ఫోను

కళ్లు మూసుకుని మంచం మీద పడుకున్న అక్క పెదాల మీద నవ్వు ఉంది. ఫోను తలగడ కింద ఉంది. పక్కగదిలో బుజ్జిది ఉయ్యాలలో గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. వినిపించనిది అక్క ఒక్కదానికే.

ఉయ్యాలకు కట్టిన మైకు డబ్బా ఏడుపును పట్టుకుని ఫోనుకు కబురు పంపాలి. ఫోను తలగడ కింద గడగడలాడాలి. అక్క లేవాలి. అదీ ఏర్పాటు. నేనూ, బావా, అక్క అత్తగారూ గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. ఎవరూ కదలకూడదు, పలకకూడదు. ఆ నియమం పెట్టిన పెద్దమనిషిని నేనే.

ఫోను మాత్రం నియమాన్ని మాకంటే శ్రద్ధగా పాటించింది.

అత్తయ్యగారు ఇక ఆగలేకపోయారు. "చాల్లే నాయనా నీ పరీక్షలు! పసిదాని ప్రాణం తీస్తున్నారు" అంటూ వెళ్లి పిల్లను ఎత్తుకున్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు. అక్క ఇంకా అలాగే నవ్వుతూ పడుకుని ఉంది. బావ వెళ్లి భుజం తట్టాడు. కళ్లు తెరిచి మా మొహాలు చూసింది. నవ్వు పోయింది. నాకు ఆ క్షణాన ఫోనును గోడకేసి కొట్టాలనిపించింది.

అక్కకు చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. మాట పోలేదు. పెదాలు చూసి మనం అన్నది పట్టేస్తుంది, అనబోయేది కూడా పట్టేస్తుంది. బావకు వేరే ఊరికి బదిలీ అయింది, మధ్యాహ్నం బస్సు. అక్కడ ఇల్లు దొరికేదాకా అక్కా పిల్లా ఇక్కడే ఉండాలి. అందాకా అత్తగారింటికి వెళ్దామన్నా అక్కకు ఇక్కడ ఉద్యోగం. అత్తయ్యగారు మంచం పట్టిన మావయ్యగారిని వదిలి ఇక్కడ ఉండలేరు. నేనూ రేపు మా ఊరికి తిరిగి వెళ్లిపోవాలి. అందుకని ఆవిడ తేల్చి చెప్పారు. ఫోను అక్కను లేపగలిగితే సరే, లేదంటే బుజ్జిది ఆవిడ వెంట వెళ్తుంది. పిల్ల గౌన్లు అప్పటికే ఆవిడ సంచిలో సర్ది ఉన్నాయి. ఆవిడ చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు, కోప్పడ్డానికి కూడా లేదు.

కొత్త ఫోను కొనుక్కోవచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. కొన్నాం. కొత్త ఫోన్లు దోమ వాలినట్టు వణుకుతాయి. ఈ పాతదాని మోటారు మంచాన్నే కదిలిస్తుంది. తయారుచేసిన కంపెనీ దీన్ని ఎప్పుడో గాలికొదిలేసింది. అప్పటి నుంచి దీని కెర్నెల్‌ను ఊళ్లూ పేర్లూ తెలియని కొందరు మొండివాళ్లం చూసుకుంటున్నాం. కెర్నెల్ అంటే ఫోనులో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాము. తెరను, మైకును, మోటారును ఎప్పుడు నిద్రపుచ్చాలో ఎప్పుడు లేపాలో అదే చూసుకుంటుంది. మా వాడకానికి తగ్గట్టు దాన్ని దిద్దేది నేను. పోయిన వారం కూడా దిద్దాను. అక్క ఫోనుకు చార్జింగ్ తెల్లారేదాకా నిలవాలని అనవసరమైన చెత్తంతా ఊడ్చి పారేశాను.

అక్క లేచి జుట్టు ముడేసుకుంది. "ఒరేయ్, ఇంకోసారి చూడు. చెవిటిదాని ముందు శంఖం కదా, కాస్త గట్టిగా ఊదు" అంది. అది జోకే. ఎవరూ నవ్వలేదు.

ఫోనుకు కేబుల్ పెట్టి లాప్‌టాప్‌కు తగిలించాను. లోపల ఏం జరుగుతోందో తెరమీద వరసగా కనిపిస్తుంది. మైకు దగ్గర నేనే ఏడ్చాను. ఫోను అదిరిపోయింది. మళ్లీ ఏడ్చాను. మళ్లీ అదిరింది. తప్పు ఎక్కడా లేదు.

"మరి బాగానే ఉందిగా!" అన్నాడు బావ.

కేబుల్ తీసి అక్క చేతికిచ్చి ఏడ్చాను. అదిరింది. తలగడ కింద పెట్టించి, అందరం టీ తాగి వచ్చి, మళ్లీ ఏడ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఆఫ్ చేసి ఆన్ చేశావా?" అన్నాడు బావ.

కెర్నెల్ రాసేవాణ్ని పట్టుకుని అడగాల్సిన మాటా అది! అయినా చేశాను. ఏమీ మారలేదు. తలగడ మార్చాను. మంచం మార్చాను. మైకు డబ్బాను తిప్పి పెట్టాను. బావ బల్ల మీద పెడితే పలకలేదు, అక్క చేతిలో పలికింది, అత్తయ్యగారి ఒళ్లో కూడా పలికింది. నేను చూస్తుంటే పలుకుతుంది, చూపు తిప్పితే పలకదు. దయ్యమని ఒప్పుకోవడానికి చదువు అడ్డమొచ్చింది కానీ, లేకపోతే ఒప్పేసుకునేవాణ్ని. రాసిందంతా మళ్లీ చదివాను. కబురు రాగానే ఫోను లేవాలని స్పష్టంగా రాసి ఉంది. లేవడం లేదు. ఎందుకు లేవడం లేదో నాకు నిజంగా అర్థం కాలేదు.

బావ గడియారం చూసుకున్నాడు. అక్క అతని మొహం చూసి, పిల్లను అత్తయ్యగారి దగ్గర్నుంచి తీసుకుని భుజాన వేసుకుంది. జోకొట్టి, నిద్రపోయిందనుకుని మెల్లగా ఉయ్యాలలో వేసింది. వేయగానే బుజ్జిది కళ్లు తెరిచింది.

"ఎత్తుకుంటే నిద్రపోతుంది, దించితే లేచి కూర్చుంటుంది. దీన్తో ఎలా వేగేది!" అన్నారు అత్తయ్యగారు.

నేను ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాను. ఫోనుది సరిగ్గా తిరగేసిన గుణం. ఎత్తుకుంటే మెలకువగా ఉంటుంది, దించితే నిద్రపోతుంది. ఒళ్లో ఉంటే కదలిక దాన్ని నిద్రపోనివ్వదు. కేబుల్ పెడితే కేబుల్ నిద్రపోనివ్వదు. నేనేమో పోయిన వారమంతా కేబుల్ పెట్టే పరీక్షించాను! జోలపాట పనిచేస్తుందో లేదో చూడ్డానికి పిల్లను గిల్లుతూ కూర్చున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

ఊడ్చి పారేసిన చెత్తను కెలికాను. అందులో ఒక లైను ఉంది. కబురు వచ్చాక ఫోను మళ్లీ కునుకు తీయకుండా కాసేపు పట్టి ఉంచమని చెప్పేది. ఆ పని వేరేచోట ఎలాగూ జరుగుతోంది కదా అని తీసేశాను. ఇప్పుడు చూసినా అలాగే అనిపిస్తోంది. నాకు ముందు ఈ కెర్నెల్‌ను చూసుకున్న మనిషి తనకు గుడ్లగూబ అని పేరు పెట్టుకుంది. ఆడో మగో కూడా తెలియదు. ఈ లైను ఎందుకు పెట్టావని మెసేజ్ చేశాను. జవాబు వెంటనే వచ్చింది. "నేను పెట్టలేదు. నేను వచ్చేసరికే ఉంది. తీస్తే ఏదో చెడుతుందని చెప్పారు. ఏదో అడగలేదు."

ఎంత గొప్ప వంశమో మాది!

లైను తిరిగి పెట్టి, కెర్నెల్‌ను మళ్లీ తయారుచేసి, ఫోనులోకి ఎక్కించాను. కేబుల్ తీసి దూరంగా విసిరేశాను. అక్క పడుకుని కళ్లు మూసుకుంది. ఈసారి నవ్వలేదు.

ఇప్పుడు బుజ్జిది ఏడవాలి. ఏడవదే! బావ కోతి మొహం పెట్టాడు, కిలకిలా నవ్వింది. నేను కళ్లు ఉరిమాను, నా ముక్కు పట్టుకుంది. "గిల్లారంటే చూడండి" అన్నారు అత్తయ్యగారు. బస్సు వేళ దగ్గరపడుతోంది. ఆవిడ కాసేపు తటపటాయించి, సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగారు.

"బుజ్జీ, నానమ్మ వెళ్లిపోతోంది. టాటా!"

బుజ్జిదాని పెదవి వంకర తిరిగింది. ఒక్క కేక పెట్టింది. గోడ అవతల మంచం గడగడలాడింది. మేము అటు తిరిగేలోపే అక్క మా మధ్యనుంచి దూసుకుపోయి పిల్లను గుండెలకు హత్తుకుంది.

అత్తయ్యగారు గుమ్మం దగ్గర్నుంచి లోపలికి వచ్చారు. సంచి దించి, గౌన్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టారు. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆదివారం రండి అత్తయ్యా" అంది.

"రాకేం చేస్తానే!" అన్నారు ఆవిడ, అక్కకు కనిపించేలా మొహం పైకెత్తి.

బావనూ అత్తయ్యగారినీ బస్సెక్కించి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మార్చిన ప్రతి లైను పక్కనా ఎందుకు మార్చామో రాయడం మా పద్ధతి, పాటించేవాళ్లు తక్కువే అయినా.  తల్లీకూతుళ్లు పక్కగదిలో పడుకున్నారు. ఫోను వాళ్ల తలగడ కింద ఉంది.

ఆ లైను పక్కన ఇలా రాశాను. "ఇది తీయొద్దు. ఎలా పనిచేస్తోందో నాకు తెలియదు. మా అక్క దీన్ని నమ్ముకుని నిద్రపోతోంది."